రిక్వైర్‌జేఎస్ కాన్ఫిగ్‌ను స్క్రిప్ట్‌తో మార్చబోతే జేసన్ పార్స్ ఎర్రర్: సమాధానం

రిక్వైర్‌జేఎస్ (బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ఫైళ్లను లోడ్ చేసే లైబ్రరీ) కాన్ఫిగ్ ఫైల్లోని పాత్స్‌లో, అంటే మాడ్యూల్ పేర్లకు ఫైల్ దారులు చూపే జాబితాలో, గాజువాక బస్సుల మ్యాప్‌ని స్క్రిప్ట్‌తో చేర్చబోతే ఎర్రర్ వస్తోందని అడిగారు. మీ కాన్ఫిగ్ ఫైల్ జేసన్ (డేటా మాత్రమే రాసే ఫార్మాట్) కాదండీ, జావాస్క్రిప్ట్ ఫంక్షన్ కాల్. అందుకే జేసన్ పార్స్ మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతోంది. రెగెక్స్ (అక్షరాల నమూనాతో వెతికి మార్చే పద్ధతి) జోలికి మాత్రం వెళ్లకండి, ఒక్క కామెంట్ అడ్డొస్తే చాలు, కొంప మునుగుతుంది.

1. ఫైల్‌ని టెక్స్ట్‌గా చదివి రీకాస్ట్ లైబ్రరీతో పార్స్ చేయండి. అది జావాస్క్రిప్ట్ కోడ్‌ని భాగాల చెట్టుగా (ట్రీ) విడదీసి, మార్చాక తిరిగి కోడ్‌గా రాస్తుంది.

2. ట్రీలో కాన్ఫిగ్ కాల్ వెతకండి. 'డాట్ కాన్ఫిగ్'కి ముందు పేరు రిక్వైర్ కావచ్చు, రిక్వైర్‌జేఎస్ కావచ్చు.

3. దాని మొదటి ఆర్గ్యుమెంట్‌లో పాత్స్ పట్టుకోండి. చాలామంది తప్పేది ఇక్కడే. పాత్స్‌లో కోట్స్ లేకుండా రాసిన జేక్వెరీ లాంటి కీ ట్రీలో ఐడెంటిఫయర్‌గా (మామూలు పేరుగా) వస్తుంది, పేరు 'కీ డాట్ నేమ్'లో ఉంటుంది. జేక్వెరీ-యూఐకి హైఫన్ ఉంది కాబట్టి కోట్స్ తప్పవు. అది లిటరల్ (కోట్స్‌లో రాసిన విలువ), పేరు 'కీ డాట్ వాల్యూ'లో ఉంటుంది. రెండూ చూడాలి. నేమ్ ఒక్కటే చూస్తే కోట్స్ ఉన్నవన్నీ అన్‌డిఫైన్డ్ అవుతాయి, ఉన్న ఎంట్రీనే మళ్లీ చేర్చేస్తారు.

4. కొత్త పాత్ చివర డాట్ జేఎస్ పెట్టకండి, రిక్వైర్‌జేఎస్సే తగిలిస్తుంది.

5. రీకాస్ట్ ప్రింట్‌తో సేవ్ చేయండి. ప్రెటీ ప్రింట్ వద్దు, ఫైలంతా తన పద్ధతిలో తిరగరాస్తుంది. మీ ఫైల్లో సింగిల్ కోట్స్ ఉంటే కోట్ ఆప్షన్‌కి సింగిల్ అని ఇవ్వండి.