టగ్ లైన్ మీద కన్ను ఉంచు

అమ్మలూ,

మంచు మీద స్లెడ్ బండిని లాగించే 4 కుక్కల పందేనికి పేరిచ్చావని మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. దానికి ఒకటే టెన్షన్. నాకూ టెన్షనే, కాస్త గర్వం కూడా. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ వదిలి గుంటూరు వచ్చేసిన ఇన్నేళ్లకి మళ్లీ ఆ కుక్కల అరుపులు చెవుల్లో మోగి నిద్ర పట్టలేదు.

కుక్కల ఒంటికి తొడిగే హార్నెస్‌లు ముందురోజే చూసుకో. స్లెడ్ కదలకుండా ఆపే స్నో హుక్‌ని మంచులోకి కాలితో తొక్కి దింపు. కుడికి ‘జీ’, ఎడమకి ‘హా’, కంగారులో తిరగేసి అరవకు. పడితే పడు గానీ స్లెడ్ వదలకు. మోకాలు నొప్పంటున్నావట. మోకాలు వంగని జార్జ్ అట్లా అనే ఆయన ఆంకరేజ్ స్లెడ్ పందేల్లో 10 సార్లు ఛాంపియన్ అయ్యాడు, ఆ సాకు నా దగ్గర చెప్పకు.

నీకు రాణి సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నా జట్టులో ముందు పరిగెత్తేది. అలాస్కన్ హస్కీలో పాయింటర్ అనే వేటకుక్క రక్తం కలిసిన పిల్ల. పొట్టి వెంట్రుకలు, సన్నటి కాళ్లు, అచ్చం నువ్వు ఫోటో పంపిన కుక్కలాగే. ‘ఇదేం హస్కీ’ అని జనం నవ్వేవాళ్లు. పరుగొక్కటే చూసి తరతరాలుగా జతకట్టించిన కుక్కలివి. ఆగడం వాటి ఒంట్లో లేదమ్మా, నా భయమంతా అదే.

మార్చి ఆఖరు, 6 మైళ్ల పందెం. ఎండకి మంచు మెత్తబడింది. సున్నా డిగ్రీలంటే మనకి వణుకు, పరిగెత్తే ఆ కుక్కలకి ఉడుకు. మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పితేనే వేడి దిగుతుంది. మూడో మైలు దాటాక రాణి టగ్ లైన్, అంటే అది బండిని లాగే తాడు, వదులైంది. లాగే కుక్క తాడు బిగుసుకునే ఉండాలి. బద్ధకం అనుకున్నాను. వెనక ఇంకో జట్టు తరుముకొస్తోంది. ‘హైక్’ అని, అంటే లాగమని, గట్టిగా అరిచాను. పాపం, నా మాట విని లాగింది. అర మైలు పోయాక కాళ్లు తడబడి కూలిపోయింది.

స్లెడ్ బ్యాగ్‌లో పడుకోబెట్టి, మిగతా 5 కుక్కల్ని మెల్లగా నడిపించుకుంటూ వచ్చాను. వెట్ సెలైన్ పెట్టాడు, బతికింది. మళ్లీ ఎప్పుడూ దాన్ని ముందు కట్టలేదు. నేను కాస్త గొంతు పెంచితే చాలు, చెవులు వెనక్కి వాల్చేసేది.

పందేనికి రెండు గంటల ముందు కాస్త మాంసం రసం కలిపి నీళ్లు పట్టించు, ఉత్త నీళ్లయితే ముట్టవు. తాడు వదులైందా, బ్రేక్ తొక్కెయ్. వెనకవాళ్లకి దారిచ్చెయ్. తిట్టుకుంటే తిట్టుకోనీ.

గ్లవ్స్ లోపల ఇంకో జత వేసుకో. నాలుగూ నీళ్లు తాగాక ఫోన్ చెయ్యి. అక్కడ మధ్యాహ్నమైతే ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది, మేలుకునే ఉంటాను.

మామయ్య