నాన్న ఫియట్‌కు అన్నయ్య ఎంత ఇవ్వాలి?

ప్రశ్న: మాది కాకినాడ. నాన్న 1968లో కొత్తగా కొన్న ఫియట్ 1100 కారు ఇంటి షెడ్డులో ఉంది. తొమ్మిదేళ్లుగా కదల్లేదు. ఆర్‌సీ నాన్న పేరునే ఉంది, గడువు తీరిపోయింది. నాన్న కిందటేడాది పోయారు, వీలునామా రాయలేదు. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య కారు తానే ఉంచుకుంటానని, లక్షా ఇరవై వేలుగా లెక్కగట్టి ముగ్గురం పంచుకుందామని అంటున్నాడు. అమెరికాలో ఉన్న చెల్లెలు ఇలాంటి కారుకే ఆరు లక్షలు అడుగుతున్న ప్రకటన చూపిస్తోంది. 2011లో నాన్న ఇంజన్ పనికి, పెయింటుకు మూడు లక్షలు ఖర్చు పెట్టారు. అమ్మ నా దగ్గరే ఉంటుంది, ‘మీ ముగ్గురూ ఏమనుకుంటే అదే’ అంటోంది. న్యాయమైన ధర తేల్చేదెలా?

జవాబు: ధర సంగతి తర్వాత, ముందు వాటాలు సరిచేద్దాం. పంచుకోవలసింది ముగ్గురు కాదు, నలుగురు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన వ్యక్తి ఆస్తిలో భార్యకూ ప్రతి బిడ్డకూ సమాన వాటా వస్తుంది. మీ అమ్మగారు తన వాటా వదులుకుంటానంటే ఆమె ఇష్టం. కానీ అది ఎంతో తెలిశాక వదులుకోవాలి, తెలియకుండా కాదు.

ఇక మీ ముందున్న రెండు అంకెల్లో ఒకటి కొనేవాడిది, రెండోది అమ్మేవాడిది. ప్రకటనలో కనిపించే ధర అమ్మేవాడి ఆశ మాత్రమే. ఆ ప్రకటన రెండు నెలల తర్వాత కూడా అలాగే ఉందేమో చూడమని మీ చెల్లెలికి చెప్పండి. మీకు కావలసింది ఇదే మోడల్ కారు, నడిచే స్థితిలో, కాగితాలు సరిగా ఉన్నది, ఈ ఏడాది రెండేళ్లలో నిజంగా ఎంతకు చేతులు మారిందన్న సమాచారం. పాత కార్ల క్లబ్బు సభ్యులు, ఫియట్‌లు బాగుచేసే పాత మెకానిక్‌లు చెప్పగలరు. కనీసం మూడు అమ్మకాలు తెలుసుకోండి. బ్రోకర్లు ‘వింటేజ్’ అన్నారని ధర పెంచనవసరం లేదు. సేకరణదారులు సాధారణంగా ఆ మాట 1940కి ముందు కార్లకే వాడతారు.

2011 నాటి మూడు లక్షలను పక్కన పెట్టండి. ఆ డబ్బు మీ నాన్నగారు కారు తిప్పుకోవడానికి పెట్టుకున్నారు, దాని ప్రయోజనం ఆయన పొందారు. తర్వాత తొమ్మిదేళ్లు నిలబడిపోయిన కారుకు ఆ పెయింటు బిల్లు చూపించి ఎవరూ పైసా ఎక్కువ ఇవ్వరు.

ఈ కారులో విలువైనదేమిటో చూద్దాం. 1960లలో కారు కావాలంటే బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. చేతికొచ్చిన కారును వెంటనే అమ్మినా కొన్న ధర కంటే ఎక్కువ పలికేది. ఇప్పుడు కొరత ఇంజన్‌కు కాదు. అదే 1,089 సీసీ ఇంజన్‌తో ప్రీమియర్ పద్మిని 2000 ప్రాంతం దాకా తయారైంది కాబట్టి ఇంజన్ సామాను ఇంకా దొరుకుతుంది. దొరకనివి ఆ కాలపు క్రోమ్ పట్టీలు, లైట్లు, అద్దాలు, మీటర్ల పలక. అవి అసలువే ఉన్నాయా, ఎప్పుడైనా డీజిల్ ఇంజన్ బిగించారా, ఛాసిస్, ఇంజన్ నంబర్లు ఆర్‌సీతో సరిపోతున్నాయా అన్నవి ముందు చూడాలి.

ఆ తర్వాత తుప్పు. కాకినాడ ఉప్పుగాలిలో తొమ్మిదేళ్లంటే నాకు భయం ఇంజన్ గురించి కాదు, కాళ్ల కింద రేకు గురించి. మ్యాట్లు ఎత్తించి, తలుపుల కింది అంచులు, డిక్కీ అడుగు స్క్రూడ్రైవర్‌తో పొడిపించి చూడండి. టింకరింగ్ పని మొదలయ్యాక అంచనాలు నిలబడటం అరుదు. మీరు, అన్నయ్య చెరో మెకానిక్‌ను పిలిపించి, అంచనాలు రాతపూర్వకంగా తీసుకుని సగటు చూడండి.

లెక్క ఇలా ఉంటుంది (అంకెలు ఉదాహరణకే). నడిచే కారు 4,50,000కు అమ్ముడవుతోందనుకుందాం. మరమ్మతు 1,80,000, కాగితాలు, రవాణా 30,000, బయటపడని తుప్పు కోసం మరో 30,000 తీసేస్తే మిగిలేది 2,10,000. నలుగురికి తలా 52,500. అన్నయ్య తన వాటా మినహాయించుకుని 1,57,500 ఇవ్వాలి. కుటుంబంలో బేరం కాబట్టి ఒక షరతు పెట్టుకోవచ్చు. అయిదేళ్లలోపు అమ్మితే, తాను పెట్టిన ఖర్చులు పోను వచ్చే మిగులును మళ్లీ నలుగురూ పంచుకోవాలి. మీ అన్నయ్యకు నిజంగా కారు మీద ప్రేమే ఉంటే దీనికి అభ్యంతరం చెప్పరు. అభ్యంతరం చెబితే ధర మరోసారి చూసుకోండి!

కాగితాల విషయంలో ఆలస్యమయ్యే కొద్దీ ధర తగ్గుతుంది. యజమాని మరణిస్తే వారసుడి పేరు మీదికి మార్చడానికి ఫారం 31 మూడు నెలల్లో ఇవ్వాలి. మీకు గడువు దాటింది, జరిమానా కట్టాల్సి వస్తుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగతా వారసుల నిరభ్యంతర పత్రాలు సిద్ధం చేసుకోండి. 20 ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో 10,000 చేశారు.

ఇంకో దారి 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్. సేకరణదారుల లెక్క వేరు, ప్రభుత్వ లెక్క వేరు: మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని వాహనాలకే ఇది. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, పాత నంబరు నిలుపుకోవచ్చు. కానీ ఆ కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీగా తిప్పకూడదు. మామూలు రిజిస్ట్రేషన్‌తోనే హైదరాబాద్‌లో ఏడాదికి మించి ఉంచితే అక్కడి కొత్త నంబరు తీసుకోవాలి. సేకరణదారులు ఇష్టపడే పాత ఏపీ నంబరు అప్పుడు పోతుంది. కారు ట్రక్కు ఎక్కించకముందే అన్నయ్యను ఈ విషయం ఆర్‌టీఓ కార్యాలయంలో తేల్చుకోమనండి.

పన్ను గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. సొంత వాడకంలో ఉన్న కారు అమ్మితే సాధారణంగా మూలధన లాభం పన్ను (ఆస్తి అమ్మగా వచ్చిన లాభంపై వేసే పన్ను) పడదు. అయితే 1983లో 20,000కు కొన్న 1931 నాటి ఫోర్డ్‌ను 21 లక్షలకు అమ్మిన ఒకరి కేసులో, సొంతానికి వాడినట్టు ఆధారాల్లేవంటూ బాంబే హైకోర్టు 2025లో పన్ను కట్టాల్సిందేనంది. కాబట్టి మీ నాన్నగారి పాత ఇన్సూరెన్స్ కాగితాలు, సర్వీసు బిల్లులు, కారుతో దిగిన ఫొటోలు పారేయకండి, అందరూ ఒక్కో నకలు ఉంచుకోండి. అన్నయ్య బ్యాంకు ద్వారానే చెల్లించాలి. చెల్లెలి వాటా ఆమె ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (విదేశాల్లో ఉండేవారు ఇక్కడి డబ్బు కోసం మన బ్యాంకుల్లో తెరిచే ఖాతా) వేయించండి.