ప్రహరీ లోపలే తిరిగే టిప్పర్లకు రోడ్డు పన్ను కట్టాలా?

ప్రశ్న: మాకు మూడు టిప్పర్లున్నాయి. అనకాపల్లి జిల్లాలోని ఒక కర్మాగారంలో సరుకు తరలించే కాంట్రాక్టు కింద ఏడాదిన్నరగా అవి ప్రహరీ లోపలే పనిచేస్తున్నాయి. గేటు పాసు లేనిదే అక్కడికి ఎవరినీ రానివ్వరు. రోడ్డెక్కని బండ్లకు పన్నెందుకని త్రైమాసిక పన్ను కట్టడం మానేశాను. ఇప్పుడు బకాయి, జరిమానా కలిపి చెల్లించాలని రవాణా శాఖ నోటీసు పంపింది. పన్ను అక్కర్లేకపోతే రిజిస్ట్రేషన్, బీమా కూడా వదిలేయవచ్చని కొందరంటున్నారు. నిజమేనా?

జవాబు: రిజిస్ట్రేషన్ వదిలేయవచ్చన్న మాటను ముందుగా మనసులోంచి తీసేయండి. రిజిస్ట్రేషన్ బాధ్యత 1988 నాటి కేంద్ర మోటారు వాహనాల చట్టం నుంచి వస్తుంది. పన్ను బాధ్యత 1963 నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్నుల చట్టం నుంచి వస్తుంది. కేంద్ర చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు కాని వాహనాన్ని బహిరంగ స్థలంలోనే కాదు, 'మరే ఇతర స్థలంలోనూ' నడపకూడదు. అంటే ప్రహరీ లోపల కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఉల్లంఘిస్తే 192వ సెక్షన్ కింద మొదటిసారి రూ.2,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా పడుతుంది. కర్మాగారంలో మాత్రమే వాడటానికి ప్రత్యేకంగా మలచిన వాహనాలను ఆ చట్టం మోటారు వాహనం నిర్వచనం నుంచి మినహాయించిన మాట నిజమే గాని, రేపు కాంట్రాక్టు ముగిస్తే హైవే మీద తిరగగల టిప్పరుకు ఆ మినహాయింపు వర్తించదు.

పన్ను విషయంలో మాత్రం మీ వాదనకు గట్టి బలముంది. రాష్ట్ర చట్టం 3వ సెక్షన్ కింద పన్ను పడేది రాష్ట్రంలోని 'బహిరంగ స్థలంలో' వాడే, లేదా అక్కడ వాడటానికి ఉంచిన వాహనాల మీదే. బహిరంగ స్థలమంటే ప్రజలకు ప్రవేశించే హక్కున్న చోటని కేంద్ర చట్టం నిర్వచించింది. విశాఖ ఉక్కు కర్మాగారంలోని సెంట్రల్ డిస్పాచ్ యార్డులో 36 వాహనాలు నడిపిన ఒక కాంట్రాక్టు సంస్థ ఇదే వాదనతో కోర్టుకెక్కింది. హైకోర్టు సింగిల్ జడ్జి ఆ సంస్థ కట్టిన రూ.22,71,700 వాపసు చేయమంటే, అదే హైకోర్టు డివిజన్ బెంచి ఆ తీర్పును కొట్టేసింది. చివరకు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు సింగిల్ జడ్జి ఆదేశాన్నే పునరుద్ధరించింది. ఆ యార్డు చుట్టూ ప్రహరీ ఉందని, గేట్ల వద్ద కాపలా ఉందని, ప్రజలు ఇష్టానుసారం రాలేరని తేలడం ఆ కేసుకు ఆయువుపట్టు. రహదారులు వాడుకున్నందుకు చెల్లించేదే ఈ పన్ను కాబట్టి, రహదారి వాడని వాహనం నుంచి దాన్ని వసూలు చేయడం కుదరదని కోర్టు చెప్పింది. సర్వోన్నత న్యాయస్థానం మన రాష్ట్ర చట్టాన్నే వ్యాఖ్యానించింది గనుక అధికారులు దీన్ని పక్కన పెట్టలేరు. అదే 1963 చట్టాన్ని స్వీకరించిన తెలంగాణలోనూ ఈ తీర్పు మీద ఆధారపడవచ్చు.

అయితే ఆ సంస్థకూ మీకూ ఒక తేడా ఉంది. వారు మినహాయింపు కోరుతూ ముందుగా రాతపూర్వకంగా తెలియజేశారు, డిమాండు వచ్చాక పన్ను కట్టి, ఆపైన వాపసు కోసం పోరాడారు. మీరు ఎవరికీ చెప్పకుండా కట్టడం మానేశారు. పన్నుల నిబంధనల్లో 12-ఏ ప్రకారం, వాహనాన్ని వాడబోవడం లేదని యజమాని ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయకపోతే అది వాడకానికి ఉంచినట్లే భావిస్తారు. రిజిస్ట్రేషన్ అమల్లో ఉన్న వాహనాన్ని వాడకానికి ఉంచినదిగా భావించవచ్చని కర్ణాటక చట్టం మీద 1987లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పునూ అధికారులు ఎత్తిచూపవచ్చు. ఆ భావనను ఆధారాలతో తిప్పికొట్టే అవకాశం మీకుందని, విశాఖ తీర్పు అందుకు దారి చూపుతుందని నా అభిప్రాయం.

కాబట్టి నోటీసును పక్కన పడేయకుండా, అందులో ఇచ్చిన గడువులోగా జవాబివ్వండి. కాంట్రాక్టు ఒప్పందం, గేటు పాసులు, గేటు వద్ద ప్రతి బండి రాకపోకలు నమోదు చేసే రిజిస్టరు నకళ్లు జతచేయండి. యార్డు ప్రజలకు ప్రవేశం లేని స్థలమని, ఫలానా నంబర్ల వాహనాలు ఫలానా తేదీ నుంచి బయటికి వెళ్లలేదని కర్మాగార యాజమాన్యం నుంచి ధ్రువపత్రం తీసుకోండి. ఈ పత్రం మీద బద్ధకించవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇది లేకపోతే మిగతా వాదనంతా మీ నోటి మాటగానే మిగులుతుంది. టైర్లకో, మరమ్మతుకో టిప్పరు బయటికి వెళ్లి ఉంటే దాచకండి. ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లిన తేదీ శాఖ రికార్డులోనే ఉంటుంది. అలా రోడ్డెక్కిన త్రైమాసికానికి వాదించకుండా పన్ను కట్టేయడమే మేలు. బండ్లు సీజ్ చేస్తారన్న భయముంటే మిగతా మొత్తాన్ని కూడా అభ్యంతరం నమోదు చేస్తూ కట్టి, వాపసు కోరవచ్చు. జవాబు తిరస్కరిస్తే ఆ ఉత్తర్వు మీద అప్పీలు చేయాలి, అవసరమైతే 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయాలి.

ఇక బీమా. కేంద్ర మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ థర్డ్ పార్టీ బీమాను బహిరంగ స్థలంలో వాడకానికే తప్పనిసరి చేసిందన్నది అక్షరాలా నిజం. అయినా దాన్ని ఆపకండి. యార్డులో వెనక్కి వస్తున్న టిప్పరు కింద ఒక కూలీ పడితే నష్టపరిహారం భారం నేరుగా మీ మీద పడుతుంది. మీ డ్రైవరుకే ప్రమాదం జరిగితే, 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కింద యజమానిగా మీరే బాధ్యులు. ఆ కుటుంబాలకు పాలసీ ఒక్కటే దిక్కయ్యే పరిస్థితి రావచ్చు. రెన్యువల్ చేసేటప్పుడు వాహనాలు ప్రైవేటు ఆవరణలో పనిచేస్తున్నాయని కంపెనీకి రాసిచ్చి, అక్కడి ప్రమాదాలకూ, డ్రైవరు, క్లీనర్లకూ వర్తించేలా పాలసీ తీసుకోండి. వచ్చే త్రైమాసికం మొదలయ్యేలోగా మూడు టిప్పర్లకూ విడివిడిగా వాడకం లేదన్న సమాచారాన్ని రవాణా కార్యాలయంలో ఇచ్చి, తేదీ వేసిన రసీదు దగ్గర పెట్టుకోండి.