పాత తెలుగు 78 ప్లేట్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెడితే కేసు అవుతుందా?

మీరు మీ తాతగారి గ్రామఫోన్ ప్లేట్లను (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులు) డిజిటైజ్ చేసి, పాత పాటలు, పుస్తకాలు ఉచితంగా అందించే అమెరికా ఆన్‌లైన్ గ్రంథాలయం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టాలనుకుంటున్నారు. ఆ సంస్థ మీద రికార్డు కంపెనీలు వేసిన దావా సంగతి విని ఆగారు. ఇంట్లో వినడానికి డిజిటైజ్ చేసుకుంటే ఇబ్బందేమీ లేదు, మన కాపీరైట్ చట్టంలోనే సొంత వాడకానికి వెసులుబాటు ఉంది. చిక్కంతా అప్‌లోడ్ దగ్గరే.

ఆ కేసు 2023 ఆగస్టు నాటిది. ఆర్కైవ్ వాళ్ల 'గ్రేట్ 78 ప్రాజెక్ట్' (పాత 78 ప్లేట్లను డిజిటైజ్ చేసి నెట్‌లో పెట్టే పని) మీద యూనివర్సల్, సోనీ, కాంకర్డ్ తదితర కంపెనీలు వేశాయి. ఆర్కైవ్‌తో పాటు దాని వ్యవస్థాపకుడు బ్రూస్టర్ కేల్‌ని, ప్లేట్లు డిజిటైజ్ చేసిపెట్టిన ఇంజనీర్ జార్జ్ బ్లడ్‌ని కూడా ప్రతివాదులుగా చేర్చాయి. మీరు గమనించాల్సింది ఈ మూడో పేరు, ఆయన చేసింది మీలాగే ప్లేట్లు డిజిటైజ్ చేయడం. దావాలో చూపిన పాటలు 2,749. అమెరికా చట్టంలో నష్టం ఎంతో రుజువు చేయనక్కర్లేదు, తెలిసి చేశారని తేలితే ఒక్కో రికార్డింగుకి లక్షన్నర డాలర్ల దాకా పరిహారం వేయొచ్చు. గుణిస్తే 41 కోట్ల డాలర్ల పైమాటే. 2025లో జాబితాను 4,624కి పెంచుతామన్నారు, అప్పుడది 69 కోట్లు దాటుతుంది. చివరికి 2025 సెప్టెంబరులో రాజీ పడ్డారు, షరతులు బయటపెట్టలేదు. ఇలాంటి అప్‌లోడ్ 'ఫెయిర్ యూజ్' (అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే న్యాయమైన వాడకం) అవుతుందా కాదా అన్నది ఆ కేసులో తేలనే లేదు. ఎవరైనా దీన్ని చూపించి ఎటువైపు వాదించినా పట్టించుకోకండి.

ఇక మీ ప్లేట్లు. ఒక్క సినిమా పాటలో మూడు హక్కులుంటాయి: రికార్డింగు, సాహిత్యం, బాణీ. మన చట్టం సెక్షన్ 27 ప్రకారం రికార్డింగుకి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 1965లో వచ్చిన ప్లేటుకి 2025 డిసెంబరు 31తో సరి. సాహిత్యానికి, బాణీకి మాత్రం రాసినవాళ్లు, కట్టినవాళ్లు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 1957 పాట ఒకటి తీసుకోండి, రచన పింగళి నాగేంద్రరావు, సంగీతం ఘంటసాల. రికార్డింగు హక్కు 2017తోనే పోయింది. పింగళి 1971లో పోయారు కనుక సాహిత్యానికి 2031 దాకా, ఘంటసాల 1974లో పోయారు కనుక బాణీకి 2034 దాకా హక్కు బతికే ఉంటుంది. త్యాగరాజ కీర్తన ప్లేటైతే ఈ గొడవే లేదు, రికార్డింగు విడుదలైన ఏడాది ఒక్కటి చూసుకుంటే చాలు.

ఇదంతా ఇక్కడి లెక్క. ఆర్కైవ్ సర్వర్లు అమెరికాలో ఉన్నాయి, అక్కడి లెక్క వేరు: 1947–56 మధ్య వచ్చిన రికార్డింగుకి 110 ఏళ్లు, 1957 నుంచి 1972 ఫిబ్రవరి దాకా వచ్చినవాటికి 2067 దాకా రక్షణ. ఇక్కడ స్వేచ్ఛగా ఉన్న ప్లేటు అక్కడ ఇంకా ఎవరి సొత్తో కావచ్చు. అమ్మకంలో లేని పాత రికార్డింగులకు అక్కడో దారి ఉంది. పాట ఎక్కడా అమ్ముడవడం లేదని నిజాయితీగా వెతికి, కాపీరైట్ ఆఫీసులో నోటీసు దాఖలు చేసి, 90 రోజుల్లో హక్కుదారు అడ్డుచెప్పకపోతే లాభాపేక్ష లేకుండా వాడుకోవచ్చు. మన సినిమా పాటలకు ఇది పెద్దగా పనికిరాదనే నా అభిప్రాయం. పాత హెచ్‌ఎంవీ రికార్డు కంపెనీ సరుకు ఇప్పుడు సరిగమ కంపెనీ చేతిలో ఉంది, అందులో చాలా భాగం స్ట్రీమింగ్‌లో దొరుకుతూనే ఉంది.

అందుకే మొత్తం పెట్టె ఒకేసారి ఎక్కించకండి. ప్లేటుకో వరుస చొప్పున షీటు పెట్టుకోండి: లేబుల్ మీది కేటలాగ్ నంబరు, లేబుల్ చుట్టూ నున్నటి భాగంలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు (ఆ రికార్డింగును గుర్తించే నంబరు), సినిమా విడుదలైన ఏడాది, రచయిత, సంగీత దర్శకుడు, వాళ్లు పోయిన ఏళ్లు. చాలా లేబుళ్ల మీద ఏడాది ఉండదు కాబట్టి రెండువైపులా ఫోటో తీసి ఉంచండి. ప్లేటు అరిగిపోయిందని సీడీ నుంచో యూట్యూబ్ నుంచో ఆడియో తెచ్చి అతికించొద్దు. అది వేరే మాస్టరు (మూల రికార్డింగు) నుంచి వచ్చింది కావచ్చు, మీ షీటు అంతా వృథా.

రికార్డు చేసేటప్పుడు ఎల్‌పీ ముల్లు వాడకండి, 78కి దాదాపు 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్) ముల్లు కావాలి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఫైలు చేసుకోండి. స్పిరిట్‌తో తుడిస్తే ప్లేటులోని లక్క కరిగి గాడులు పోతాయి.

నలుగురికీ అందాలనే కోరికైతే, ప్లేట్లను లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీకి ఇవ్వడం మేలు. తన దగ్గర అసలు ప్రతి ఉంటే భద్రపరచడానికి డిజిటల్ ప్రతి దాచుకోవచ్చని సెక్షన్ 52 చెబుతోంది. దాచుకోవడం వరకే, నెట్‌లో పెట్టడానికి కాదు.

అయినా అప్‌లోడ్ చేసి, తీసేయమని నోటీసొస్తే కోపంతో కౌంటర్ నోటీసు (తీసేయడం తప్పని, తిరిగి పెట్టమని ఇచ్చే జవాబు) పంపకండి. అందులో తప్పు చెబితే అబద్ధపు ప్రమాణం కింద శిక్షకు ఒప్పుకుంటూ, అమెరికా ఫెడరల్ కోర్టు పరిధిలోకి వస్తానని మీరే సంతకం పెట్టాలి. మీ షీటులో ఆ ప్లేటుకి మూడు హక్కులూ రెండు దేశాల్లోనూ ముగిశాయని ఉంటేనే పంపండి.