టాస్క్‌బార్ దాక్కోకపోతే ముందు చూడాల్సింది

ఆటోహైడ్ (బార్ తనంతట తానే దాక్కునే సెట్టింగ్) ఆన్‌లో ఉన్నా బార్ కిందకి పోవట్లేదంటే, చాలాసార్లు ఏదో ప్రోగ్రామ్ మిమ్మల్ని పిలుస్తోంది, మీరు దాన్ని చూడలేదు. సిరిమాను పండగ ఫ్లెక్సీలు చేస్తుంటే కోరెల్‌డ్రా అడుగున పేజీ ట్యాబులు బార్ వెనక పడి కనబడట్లేదన్నారు కదా, తప్పు కోరెల్‌ది కాదు. దయచేసి దాన్ని తీసేసి మళ్లీ వేయకండి.

1. రంగు మారి మెరుస్తున్న ఐకాన్ ఉంటే నొక్కి, ఆ విండో తెరవండి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. గడియారం దగ్గరున్న పైబాణం కూడా నొక్కాలి. వాట్సాప్, ప్రింటర్, యాంటీవైరస్ లాంటివి ఆ డబ్బాలో ఉండి పిలుస్తుంటాయి, పైకి కనబడవు. ఒక్కొక్కటీ తెరిచి చూడండి. వేరే విండో వెనక ‘సేవ్ చేయాలా’ అని అడిగే పెట్టె ఉండిపోయిందేమో కూడా చూడండి.

2. అప్పటికీ పోకపోతే ఫైల్ సేవ్ చేసి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద రైట్ క్లిక్, రీస్టార్ట్. తెరిచిన ఫోల్డర్లు మూసుకుపోతాయి, కోరెల్ అలాగే ఉంటుంది.

3. రోజూ ఇదే గొడవైతే, మీది విండోస్ 11 కాబట్టి సెట్టింగ్స్, పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్‌లోకి వెళ్లి ఫ్లాషింగ్ దగ్గర టిక్ తీసేయండి.