వాసన సంగతి తర్వాత, ముందు ఆ సాయంత్రపు జ్వరం చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 42. మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే బురదతో కంపోస్టు తయారుచేసే యూనిట్లో సూపర్‌వైజర్‌ని. వాసన భరించలేకపోతున్నామని చుట్టుపక్కల వాళ్లు గొడవ చేస్తున్నారు. సువాసన స్ప్రే కొట్టించినా గంటకే మళ్లీ మొదలవుతోంది. వాసన తగ్గే మార్గం చెప్పండి. దీనివల్ల జబ్బులు వస్తాయా? కుప్పలు తిరగేసిన రోజు సాయంత్రం నాకు చలిజ్వరం, పొడిదగ్గు వస్తున్నాయి. రెండు నెలలుగా మందుల షాపులో ఇచ్చిన మాత్రలు వేసుకుంటే తగ్గిపోతోంది.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు వాసన గురించి అడిగారు. నన్ను కంగారు పెట్టింది మాత్రం చివర్లో రాసిన రెండు వాక్యాలు. కుప్ప తిరగేసిన రోజే జ్వరం వస్తోందంటే అది మామూలు జలుబు అనుకోవడానికి లేదు. సెలవులో ఉన్నప్పుడు ఎలా ఉంటోందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

కుప్ప కదిపినప్పుడు వాసనతో పాటు సన్నటి దుమ్ము లేస్తుంది. అందులో బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్లు అనే విషపదార్థాలు, ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు స్పోర్లు (విత్తనాల్లాంటి సన్నటి కణాలు) ఉంటాయి. కంపోస్టు వేడిని తట్టుకుని పెరిగే బూజు ఇది. ఒక్కసారిగా ఎక్కువ దుమ్ము పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చి ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే తగ్గిపోవచ్చు. అంతవరకే అయితే పెద్ద టెన్షన్ లేదు. కానీ హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అనే జబ్బు కూడా మొదట్లో అచ్చం ఇలాగే ఉంటుంది. ఆ దుమ్ము పడక ఊపిరితిత్తులు మళ్లీ మళ్లీ వాస్తాయి. నెలల తరబడి వదిలేస్తే లోపల మచ్చకట్టి గట్టిపడతాయి, ఆ నష్టం వెనక్కి రాదు. మీకు ఇదే ఉందని ఉత్తరం చూసి చెప్పలేను. రెండు నెలల దగ్గు కాబట్టి కఫం పరీక్ష చేయించి టీబీ లేదని కూడా తేల్చుకోవాలి.

ఇక ఆ మాత్రలు. వాటి పేరు మీరు రాయలేదు. వేసుకోగానే హాయిగా అనిపించే ఇలాంటి మాత్రల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. అది వాపును అణిచేస్తుంది, మీరు బాగైపోయిందనుకుని మర్నాడు మళ్లీ అదే దుమ్ములోకి వెళతారు. పైగా రోగనిరోధక శక్తిని తగ్గించి ఆ బూజుకే దారి ఇస్తుంది, షుగర్ ఉంటే పెంచుతుంది. రెండు నెలలు షాపతన్ని అడిగారు గానీ ఒక్కరోజు డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. చదువుకున్నవారు, పదిమందితో పని చేయించేవారు, ఇంత ఆలస్యం చేయకూడదు. అలాగని ఇది చదివి మాత్రలు ఈరోజే ఆపేయకండి. వారాల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను హఠాత్తుగా మానేస్తే అదొక ప్రమాదం. ఈ వారంలోనే పల్మనాలజిస్టును, అంటే ఊపిరితిత్తుల డాక్టరును కలవండి. మాత్రల స్ట్రిప్పులు, ఖాళీవి అయినా సరే, వెంట తీసుకెళ్లండి. కుప్ప ఏ రోజు తిరగేశారో, జ్వరం ఎన్ని గంటలకు వచ్చిందో కాగితం మీద రాసుకెళితే ఆయనకు సగం పని తగ్గుతుంది. ఎక్స్‌రే బాగానే ఉందని అక్కడితో వదిలేయకండి, సీటీ స్కాన్, శ్వాస పరీక్ష అవసరం కావచ్చు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, కఫంలో రక్తం కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

అప్పటిదాకా తిరగేసే పని దగ్గర ఉండకండి. గుడ్డ మాస్కు చాలదు. ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 దుమ్మును చాలావరకు ఆపుతుంది గానీ వాయువులను ఆపదు.

వాసన అదుపు ఇంజినీర్ల పని, అయినా ఇంతవరకు చెప్పగలను. స్ప్రే వాసనను కప్పుతుంది, తీసేయదు. కుళ్లిన గుడ్డు వాసన వస్తే కుప్ప లోపలికి గాలి అందడం లేదని అర్థం. ముక్కు మండితే అది అమ్మోనియా, బురదలోని నత్రజనికి తగ్గ కార్బన్ కలపలేదన్నమాట. చెక్కముక్కలు బాగా కలిపితే రెండూ తగ్గుతాయి. కార్బన్, నైట్రోజన్ 25 నుంచి 30కి 1 చొప్పున, తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. లోపలి గాలిని ఫ్యాన్లతో లాగి, తడిగా ఉంచిన చెక్కముక్కల బయోఫిల్టర్ గుండా పంపితే ఇంకా మేలు. గాలి ఇళ్లవైపు వీస్తున్నప్పుడు కుప్ప కదపకండి. ఆ ఇళ్లవాళ్లతో వాదన కూడా పెట్టుకోకండి. రోజూ ఇలాంటి వాసనలో ఉంటే తలనొప్పి, వికారం, నిద్రలేమి నిజంగానే వస్తాయి, ఆస్తమా ఉన్నవాళ్లకు ఎక్కువ కావచ్చు.

మరొకటి, మీ కింద పనిచేసేవాళ్లకు ఈరోజే చెప్పండి. ఆ కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. గాలిలో అది సుమారు 100 పీపీఎంకి (పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలకు) చేరితే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసనే తెలియదు. మూసి ఉన్న బురద ట్యాంకులో ఎవరైనా పడిపోతే కాపాడాలని వెనకే దిగకండి. బయటి నుంచే సాయం పిలవండి.