జెరూసలేం గోడల బయట పేటలు కట్టిన యోసెఫ్ రివ్లిన్

జెరూసలేం కోట బయట కొత్త పేటలు కట్టిన యూదు పెద్ద యోసెఫ్ రివ్లిన్ గొప్పతనం ఏమిటని అడిగారు. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లి ఆ నగరంలో నాలుగేళ్లు ఒక వృద్ధుడికి సంరక్షకుడిగా పనిచేశాను. సాయంత్రాలు ఆయనను చక్రాల కుర్చీలో నహలత్ శివా అనే పేట సందుల్లో తిప్పుతున్నప్పుడే ఈ కథ ఆయన నోట విన్నాను.

రివ్లిన్ 1837లో జెరూసలేంలోనే పుట్టారు. ఆ రోజుల్లో యూదులు కోటలోపల ఇరుకు గదుల్లో అద్దెలకు ఉండేవారు. నీటికి కటకట, దానికి తోడు 1865లో కలరా. అయినా చీకటి పడగానే ద్వారాలు మూసేసే ఆ కోటను విడిచి, దొంగల భయం ఉన్న బయలులో కాపురం పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. 1860లో కోట బయట బ్రిటన్ యూదు సంపన్నుడు మాంటిఫియోరి కట్టించిన ఇళ్లు విదేశీ దాతల సొమ్ముతో లేచినవి. 1869లో రివ్లిన్‌తో కలిపి ఏడుగురు స్థానికులు తామే పూనుకొని నేల కొన్నారు. నహలత్ శివా అంటే ఏడుగురి సొత్తు అనే అర్థం. చీటీలు వేస్తే మొదటి ఇల్లు రివ్లిన్‌కు వచ్చింది. ఆయన రాత్రిళ్లు అక్కడ ఒంటరిగా పడుకుంటే, తెల్లవారగానే మిత్రులు ప్రాణాలతో ఉన్నాడో లేడోనని చూడటానికి వచ్చేవారట.

అందరూ ఆ ధైర్యాన్నే చెబుతారు గాని, నా దృష్టిలో ఆయన అసలు ఘనత పద్ధతిలో ఉంది. 1874లో మొదలైన మేయా షెయారిం అనే మరో పేటలో సభ్యులు వాయిదాలుగా డబ్బు కట్టేవారు, ఏటా కొన్ని ఇళ్లు లేచేవి, ఎవరికి ముందు దక్కాలో చీటీలు తేల్చేవి. మన ఊళ్లలో చీటీ కట్టినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: చేతిలో పెద్ద మొత్తం లేని కుటుంబానికి కూడా సొంత గడప దక్కే మార్గం అది. యూదు సంఘాల కేంద్ర సమితికి కార్యదర్శిగా లెక్కలు చూసిన మనిషి కాబట్టే, ఇన్ని ఇళ్లవారిని ఒక మాట మీద నిలపగలిగారని నేను నమ్ముతాను. 1896లో ఆయన చనిపోయేనాటికి 13 పేటల స్థాపనలో ఆయన చేయి ఉందని చెబుతారు. అందుకే జనం ఆయనను ఊళ్లు కట్టే యోషె అని పిలుచుకున్నారు.

నహలత్ శివాలో ఒక పెరట్లో ఇనుప మూత వేసిన పాత నీటి తొట్టి ఉంది. పైకప్పుల మీద పడిన వాన నీరు కాలువ వెంట దానిలోకి దిగేది. కొళాయి లేని ఆ కాలంలో ఎండాకాలమంతా ఆ నీళ్లే ఆధారం. అక్కడికి రాగానే మా పెద్దాయన కుర్చీ ఆపమనేవారు, వంగి ఆ మూత మీద చేయి వేసేవారు.